బడి ముందరి గుంత

మంగళవారం పొద్దున స్వర్ణ స్కూటీ బయటికి తీసేసరికే ఎనిమిదిన్నర దాటింది. బడి గేటు ఎనిమిది నలభై అయిదుకు మూసేస్తారు. అఫ్జల్‌గంజ్ నుంచి నాంపల్లికి మామూలుగా పది నిమిషాల దారి. కాని పదిహేను రోజులుగా ఏదీ మామూలుగా లేదు. బడి ఉన్న గల్లీలో డ్రైనేజీ పైపులు వేస్తున్నారు. ఎడమవైపు సగం రోడ్డును నిలువెత్తు లోతు తవ్వి, మిగతా సగంలోంచి నడిచేవాళ్లను మాత్రమే పోనిస్తున్నారు. బండ్లన్నీ ఆబిడ్స్ దిక్కుగా తిరిగి అవతలి కొస నుంచి రావాలి. ఆ చుట్టు తిరిగితే ఇంకో పావుగంట.

“ఇయ్యాల లేటైతే మూడోసారి మమ్మీ,” అంది వెనక కూర్చున్న ప్రణవి. నాలుగో తరగతి పిల్ల. “డైరీల రాస్తరు. ప్రేయర్ అయ్యేదాంక బయట నిలబెడ్తరు.”

“నువ్వు గట్టిగ పట్టుకో. పోతం.”

గల్లీ మొగదలకు వచ్చి స్వర్ణ బ్రేకు వేసింది. రెండు తారు డ్రమ్ముల మీద అడ్డంగా ఒక వెదురు బొంగు, దానికి చుట్టిన ఎర్ర గుడ్డ. రోజూ అక్కడ పసుపు జాకెట్ వేసుకుని, చేతిలో ఎర్ర జెండాతో ఒకామె నిలబడి ఉండేది. నలభై దాటిన మనిషి, బక్కపలుచన. బండి ముందుకు వచ్చిందంటే చాలు, జెండా అడ్డం పెట్టేది. స్వర్ణతో ఆమెకు రెండుసార్లు మాటామాటా అయింది కూడా. ఇప్పుడామె అక్కడ లేదు. స్వర్ణ అటూ ఇటూ చూసింది. ఇరవై అడుగుల దూరంలో, పెద్ద రోడ్డు నడిమిట్ల ఉందామె. ఎదురుగా వస్తున్న సిటీ బస్సుకు జెండా చూపిస్తూ, ఆటోలు దిగిన చిన్నపిల్లలను వరుసగా దాటిస్తోంది.

ఆమె వచ్చిందంటే ఇక పోనివ్వదు.

“ప్రణవీ, దిగు. ఆ బొంగు జర ఎత్తి పక్కకు పెట్టు.”

“ఆమె తిడ్తది మమ్మీ.”

“ఏం తిట్టది. జల్ది.”

పిల్ల బ్యాగుతోనే దిగింది. బొంగు దానికి బరువే. ముందు ఒక కొస ఎత్తి కింద పెట్టి, రెండో కొస ఈడ్చుకుంటూ తీసుకుపోయి గోడకు చేర్చింది. స్వర్ణ రెండు డ్రమ్ముల మధ్య నుంచి స్కూటీని లోపలికి పోనిచ్చింది.

“మల్ల పెట్టొస్తనే,” అంది ప్రణవి.

“గేటు మూస్తున్నరు, ఎక్కు.”

ఎక్కింది. నడిచిపోతున్న వాళ్లు పక్కకు ఒదిగారు. గుంత అంచుకు కర్రలు పాతి కట్టిన ఆకుపచ్చ వల స్వర్ణ మోకాలికి రాసుకుంది. గేటు మూస్తున్న వాచ్‌మన్‌ను బతిమాలి, పిల్లను లోపలికి పంపి, హమ్మయ్య అనుకుంటూ అవతలి కొస నుంచి ఆబిడ్స్ వైపు వెళ్లిపోయింది.

ఆమె పనిచేసేది ఆబిడ్స్‌లోని ఒక బీమా ఆఫీసులో. బండ్ల ప్రమాదాల కాగితాలు ఆమె టేబుల్ మీదికే వస్తాయి. ఆ రోజు నాలుగో కాగితం చూస్తుండగా ఫోను గుర్రుమంది, ఆగింది, మళ్లీ గుర్రుమంది. బడి తల్లిదండ్రుల గ్రూపు. తీసి చూసింది.

రెండో తరగతి పాప గుంతలో పడింది. పేరు మనస్విని. నడిచే దారిలోకి బైకు వచ్చిందట. హారను కొడితే పాప పక్కకు జరిగిందట. వల ఆగలేదు. పిల్ల వెళ్లి కింద సిమెంటు పైపు మీద పడింది. బైకువాడు ఆగకుండా పోయాడు. పక్కనే ఉన్న దవాఖానలో చేర్చారు.

స్వర్ణ టైము చూసింది. ఎనిమిది యాభైకి జరిగిందని రాశారు. తాను దాటిన కొద్ది నిమిషాలకే.

మెసేజులు వస్తూనే ఉన్నాయి. ‘స్వర్ణ మేడం మొన్న ఆదివారమే రాసింది, ఎవరన్న పట్టించుకున్నరా?’ అని ఒకరు ఆమె పాత మెసేజును పైకి తెచ్చారు. ‘ఈ గుంత దగ్గర ఏదన్నా జరిగితే బాధ్యత ఎవరిది? కనీస భద్రత లేదు’ అని ఆమే రాసింది. దాని కింద ఇప్పుడు దండాలు, చప్పట్లు. ఆ తర్వాత ఇంకొకరు: ‘జెండా పట్టుకునే ఆమె బొంగు తీసి పక్కకు పెట్టి ఎటో పోయిందట.’ దానికింద కోపంతో ఎర్రబడ్డ ముఖాల బొమ్మలు పది.

స్వర్ణ ‘ఆ బొంగు’ అని టైపు చేసి చెరిపేసింది. చివరికి ‘పాపకు ఎట్లున్నది?’ అని మాత్రం రాసింది. ఫోను బోర్లా పెట్టి, ముందున్న కాగితంలో ‘ప్రమాదానికి కారణం’ అన్న గడిని మూడుసార్లు చదివింది. ఏం రాసి ఉందో బుర్రకెక్కలేదు.

*

సాయంత్రం ప్రణవి అన్నం ముట్టలేదు. కంచంలో పప్పన్నం ఒక పక్కకు నెట్టి, మళ్లీ ఇంకో పక్కకు నెట్టింది.

“మమ్మీ, బొంగు నేనే తీసిన గద.”

“నువ్వు తీసినందుకు పడలేదు బిడ్డా. ఆ బైకోడు...”

“బొంగుంటే బైకు రాకపోవు గద.”

స్వర్ణ కంచం దగ్గరికి లాక్కుని తొమ్మిదేళ్ల పిల్లకు ముద్ద కలపసాగింది. ఆమె మొగుడు విజయేందర్ అప్పుడే బేగం బజార్‌లోని స్టీలు సామాన్ల దుకాణం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సంగతి విని తుండుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి వీధి తలుపు దగ్గరికి వేశాడు.

“ఎవరన్న చూసిన్రా?”

“ఎరుక లేదు.”

“పిల్లకు ఎట్లున్నది?”

“కాలు ఇరిగింది. గడ్డం కింద కుట్లు పడ్డయట. ప్రాణానికేం ఫికర్ లేదన్నరు.”

“గట్లయితే ఊకో. ఇప్పుడు చెప్పి ఏం జేస్తవ్? కాలు అతుకుతదా?” అన్నాడు. చెడ్డవాడేం కాదు. భయపడ్డాడంతే. స్వర్ణకు ఆ మాట ఎవరో తన మీద దుప్పటి కప్పినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి అనిపించినందుకే తరవాత సిగ్గేసింది. కాని ఆ సాయంత్రం మాత్రం దుప్పటి లాగి కప్పుకుంది. ప్రణవి పక్కన కూర్చుని, దాని జుట్టు సరిచేస్తూ, “ఎవ్వరికి చెప్పకు బిడ్డా, సరేనా?” అంది.

పిల్ల తలూపింది. ఊపి, చేతులు రెండూ చూసుకుంది. అరచేతిలో వెదురు పేడు గీరుకున్న చోట సన్నని ఎర్ర గీత ఉంది. దాన్ని గౌను కింద దాచుకుంది.

బుధవారం స్వర్ణ అరగంట ముందే బయల్దేరి, ఆబిడ్స్ చుట్టూ తిరిగి పోయింది. ఒక్క రోజులో గల్లీ మారిపోయింది. వెదురు బొంగు పోయి నడుమెత్తు ఇనుప బారికేడ్లు వచ్చాయి. గుంత పొడుగునా రేకులు నిలబెట్టారు. జెండా పట్టుకునే ఆమె లేదు. ఆమె జాగాలో ఎవరో మనిషి ఇనుప కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. పెద్ద రోడ్డు దగ్గర చిన్నపిల్లలు బస్సుల మధ్య తమంతట తామే పరిగెత్తి దాటుతున్నారు.

గేటు దగ్గర హెడ్మాస్టర్ వామన్‌రావు ఆమెను ఆపాడు. “శనివారం మీటింగు పెడుతున్నాం అమ్మా. ఆ పనుల సూపర్‌వైజర్ కూడా వస్తాడు. అందరూ మీ పేరే చెప్తున్నరు. తల్లిదండ్రుల తరపున మీరే ఒక దరఖాస్తు రాసి చదవాలె.”

“నేనా సార్...”

“మీరే గద ముందుగాల హెచ్చరించింది.”

కాదనడానికి ఒక కారణం కావాలి. ఉన్న కారణం ఒక్కటే. స్వర్ణ “సరే సార్” అంది.

ఆఫీసు అయ్యాక దవాఖానకు పోయింది. పోకుండా ఉండలేకపోయింది. బత్తాయిలు, ఆపిల్ పండ్లు కొని, సంచి రెండు చేతులా పట్టుకుని వార్డులోకి నడిచింది. మనస్విని నిద్రపోతోంది. కట్టు కట్టిన కాలు దిండు మీద ఎత్తి పెట్టారు. గడ్డం కింద దూది, ప్లాస్టరు. పిల్ల తల్లి నర్మద ఆబిడ్స్‌లో చెప్పుల షాపులో పనిచేస్తుంది. షాపు యూనిఫాం చీరలోనే ఉంది. స్వర్ణను చూడగానే లేచి నిలబడి, స్టూలు తుడిచి జరిపింది.

“మీరెందుకు కష్టపడ్డరు మేడం.”

“పాపకు ఎట్లున్నది?”

“నొప్పికి ఏడుస్తనే ఉన్నది. సూదేస్తె ఇప్పుడే పండుకున్నది.” నర్మద ముందుకు వంగి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “ఇందరుండంగ మీరొక్కరే పిల్లల గురించి రాసిన్రు. మా ఆయన చదివి చెప్పిండు. మీరే ఆ జెండా ఆమెను ఇడిసిపెట్టొద్దు మేడం. గట్టిగ రాయున్రి. నాకు రాసుడు రాదు.”

ఆమె అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. స్వర్ణ తన చేతులు వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఎందుకని అడుగుతుందేమోనని భయపడింది. మంచం మీద పిల్ల నిద్రలోనే మూలిగింది. నర్మద అటు తిరిగిన సందు చూసుకుని స్వర్ణ పండ్ల సంచి మంచం కింద పెట్టి బయటపడింది.

గురువారం మధ్యాహ్నం, టిఫిను డబ్బా మూత కూడా తీయకుండా, ఆఫీసు టేబుల్ మీద దరఖాస్తు రాసింది. రాయడం ఆమెకు కొత్త కాదు. ‘విధి నిర్వహణలో ఉన్న మహిళ యొక్క నిర్లక్ష్యం వలన’ అన్న మాటలు ఏళ్ల అలవాటుతో కలంలోంచి వాటంతట అవే దిగాయి. ఆ మహిళ పేరు రాయాల్సిన చోట ఆగింది. రెండుసార్లు గొడవపడింది కాని ఆమె పేరు ఏమిటో స్వర్ణకు తెలియదు. సూపర్‌వైజర్‌కు ఫోను చేసి కనుక్కుంది. పోశవ్వ.

శుక్రవారం పొద్దున ఆమె కనిపించింది. గల్లీ అవతలి కొసన, ఇంకా దించని సిమెంటు పైపు మీద కూర్చుని ఉంది. పసుపు జాకెట్ లేదు. సూపర్‌వైజర్ కోసం కాచుకుని ఉన్నట్టుంది. స్కూటీ దగ్గరికి రాగానే తలెత్తింది. స్వర్ణ చూపు తిప్పుకునేలోపే ఆమె చూపు స్వర్ణను దాటి వెనక్కి పోయింది, ప్రణవి మీదికి. అక్కడ ఒక్క క్షణం నిలిచింది. తరవాత ఆమే ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లలో దుమ్ము తుడుచుకుంది. ప్రణవి అమ్మ వీపులో ముఖం దాచుకుంది. చీర మీదుగా ఆ వేడి ఊపిరి స్వర్ణకు తగులుతూనే ఉంది.

*

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక మీటింగు. పెద్ద హాల్లో చిన్నపిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. యాభై మంది దాకా వచ్చారు. స్వర్ణ రెండో వరుసలో, చేతిలో మడిచిన దరఖాస్తుతో కూర్చుంది. పక్కన ప్రణవి. ఇంటికి పంపుదామంటే తోడెవరూ దొరకలేదు. నర్మద మొదటి వరుసలో ఉంది. సూపర్‌వైజర్ భూపాల్ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని గోడ వైపు కుర్చీలో కూర్చున్నాడు. తలుపు దగ్గర, చెప్పులు బయట విడిచి, పోశవ్వ నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం నడిపే ప్రహ్లాద్ ముందు లేచాడు. “ఇది మామూలు సంగతి కాదు సార్. పోలీసు కేసు పెట్టాలె. పిల్లల ప్రాణాలంటే లెక్క లేదా? జెండా ఇచ్చి నిలబెడితే బొంగు తీసి షికారు పోతదా?”

“ఆమెను పనిలకెళ్లి తీసేసినం సార్,” అన్నాడు భూపాల్.

“తీసేస్తే అయిపోతదా?”

“అయిపోదు,” అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

వామన్‌రావు చేయెత్తి అందర్నీ ఆపి, తలుపు వైపు తిరిగాడు. “ఏమమ్మా, నువ్వు చెప్పు. ఆ పొద్దు బొంగు ఎవరు తీసిన్రు? నువ్వు చూసినవా?”

పోశవ్వ హాలంతా ఒకసారి చూసింది. చూపు ఎవరి మీదా ఆగలేదు. ఆగకుండా ఉండాలని జాగ్రత్తపడుతున్నట్టు, రెండో వరుసను మాత్రం తొందరగా దాటేసింది.

“నేనే తీసిన సారూ. మట్టి తట్ట పట్టకపోతే తీసిన. మల్ల పెట్టుడు మర్సిన.”

భూపాల్ తలెత్తాడు. “మొన్న అడిగితే ఎరుక లేదంటివి?”

“భయానికి అన్న.”

“చూసిన్రా!” అన్నాడు ప్రహ్లాద్ తొడ చరిచి. “స్వర్ణ మేడం, చదువున్రి.”

స్వర్ణ దరఖాస్తు మడత విప్పలేదు. ఆ మంగళవారం పోశవ్వ చేతిలో తట్ట లేదు. పెద్ద రోడ్డు నడిమిట్ల బస్సు ముందు జెండా పట్టుకుని నిలబడి ఉంది. అక్కడి నుంచి గల్లీ మొగదల నేరుగా కనిపిస్తుంది. ఆమె చూసింది. బడి గౌను వేసుకున్న చిన్నపిల్ల బొంగును ఈడ్చుకుపోవడం కళ్లారా చూసింది. చూసే ఎరుక లేదన్నది. ఇప్పుడు కేసు మాట వినపడగానే, పిల్ల పేరు ఎక్కడ బయటికి వస్తుందోనని మొత్తం తన మీద వేసుకుంటోంది.

పక్కన కదలిక. ప్రణవి బెంచీ మీంచి జారి నేల మీద నిలబడింది. నోరు తెరిచింది.

“ఆమె తీయలేదు సార్,” అంది స్వర్ణ.

తాను ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ మాట పిల్ల చెప్పేది. ధైర్యం తనది కాదని, తన కంటే ముందు లేచిన పిల్లదని ఆమెకు ఆ నిలబడటంలోనే అర్థమైంది.

“మేమే తీసినం...” అంది. ఆ ‘మేమే’ వినగానే తన మీద తనకే అసహ్యం పుట్టింది. “మేము కాదు. నేను తీయించిన. లేటైతదని నా బిడ్డను దింపి తీయించిన. పెట్టొస్తనంటే వద్దన్న. ఈమె అప్పుడు రోడ్డు మీద మన పిల్లల్నే దాటిస్తుండె. నేను చూసిన.”

తిట్లు పడతాయని స్వర్ణ తలవంచుకుని నిలబడింది. పడితే తేలికవుతుందని ఎక్కడో ఆశ కూడా ఉంది.

“అయ్యో, కూర్చోండి మేడం,” అన్నాడు ప్రహ్లాద్. గొంతు పూర్తిగా మారిపోయింది. “పిల్లల్ని టైముకు దించాలె గద, ఏం జేస్తం? సోమవారం నేను గూడ తీసే పోయిన. కావాలని చేస్తమా?”

“అందరం చేసినం,” అంది వెనక నుంచి ఒకావిడ. ఎవరో చిన్నగా నవ్వారు. బిగుసుకున్న భుజాలు సడలాయి.

“మీరు ఒప్పుకున్నరు, అది గొప్ప సంగతి,” అన్నాడు వామన్‌రావు. “జరిగిందేదో జరిగింది. ఇక ముందు...”

పోలీసు కేసు అన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు. కాసేపటి కింద పోశవ్వకు వర్తించిన ఆ మాట స్వర్ణకు వర్తించలేదు. ఆమె అందరి ముఖాలూ చూసింది. అన్నిటిలోనూ దయే ఉంది. ఆ దయ ముందు నిలబడటం తిట్లు పడటం కంటే కష్టంగా ఉంది. తాను వాళ్లలో మనిషి. అంతే. తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి ఇంకా ఎవరూ కుర్చీ చూపించలేదు.

నర్మద ఒక్కతే ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి చూసింది.

“నేను మీ చేతులు పట్టుకున్న పొద్దు మీకు ఎరుకేనా మేడం?”

“ఎరుకే,” అంది స్వర్ణ.

నర్మద లేచింది. చెంగు భుజం చుట్టూ కప్పుకుని, బెంచీల మధ్య నుంచి నడిచి బయటికి పోయింది. ఆమెకు దారి ఇస్తూ అందరూ కాళ్లు ముడుచుకున్నారు.

స్వర్ణ చేతిలోని దరఖాస్తును విప్పి, దాన్ని అడ్డంగా కొట్టేసి, వెనక వైపు జరిగింది జరిగినట్టు రాసింది. అయిదు వాక్యాలు పట్టింది. కింద సంతకం పెట్టి వామన్‌రావు ముందు ఉంచి, “దీన్ని ఫైల్ల పెట్టాలె సార్. ఆమెను తప్పులేకుండ తీసేసిన్రని మీరు గూడ రాసియ్యాలె” అంది. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని చదివాడు. భూపాల్ వైపు చూశాడు. భూపాల్ హెల్మెట్ పట్టీ మెలిపెడుతూ, “గాడ ఇంకొకల్ని పెట్టమని ఈమె మొదటి దినం నుంచి అడుగుతనే ఉన్నది సార్. మేమే పెట్టలేదు. సోమవారం రమ్మంట తియ్యున్రి,” అన్నాడు గోడకేసి చూస్తూ.

బయట మెట్ల దగ్గర పోశవ్వ చెప్పులు వేసుకుంటోంది. స్వర్ణ, ప్రణవి ఆమె ముందుకు వచ్చి నిలబడ్డారు. ఏమని పిలవాలో తెలియక స్వర్ణ, “అక్కా,” అంది.

“నువ్వు ముందే చెప్తె నాకా అబద్ధం ఆడే కష్టం రాకపోవు,” అంది పోశవ్వ. గొంతులో మెత్తదనం లేదు. “మూడు దినాలు ఆ పైపు మీద కూసున్న. వచ్చేటోళ్లు పోయేటోళ్లు నన్ను చూపిచ్చి పిల్లలకు చెప్పిన్రు, అగో ఆమెనే అని. నువ్వు గూడ నా ముందలికెళ్లే పోయినవ్.”

“తప్పయింది.”

“పోలీసులంటే చిన్న పిల్ల దడుసుకుంటదని ఊకున్న. నీ కోసం కాదు.” ప్రణవి వైపు తిరిగి వంగి, దాని గడ్డం పట్టుకుని పైకెత్తింది. “నీదేం లేదు బిడ్డా. పెద్దోళ్లు చెప్తె చేసినవ్.”

ప్రణవి అయిదు రోజుల ఏడుపు ఒక్కసారి ఏడ్చింది. పోశవ్వ దాన్ని దగ్గరికి తీసుకోలేదు, దూరం నెట్టనూ లేదు. ఏడుపు అయ్యేదాకా అలాగే నిలబడింది.

“నేనేం చెయ్యాలె అక్కా?” అంది స్వర్ణ.

పోశవ్వ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. “ఆఫీసుకు ఎన్ని గొట్టంగ పోతవ్?”

“తొమ్మిదిన్నరకు.”

“గట్లయితే పొద్దుగాల గంట సేపు వచ్చి నిలబడు. రోడ్డు మీద ఒకలు, గల్లీ కాడ ఒకలు ఉండాలె. ఒక్కదాన్ని రెండు దిక్కుల యాడ చూడాలె?” అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

*

సోమవారం ఎనిమిదింటికి స్వర్ణ పెద్ద రోడ్డు దగ్గర నిలబడింది. పోశవ్వ తనది కాకుండా ఇంకో పసుపు జాకెట్ తెచ్చి ఇచ్చింది. అది భుజాల దగ్గర వదులుగా, చెమట వాసనతో ఉంది. “చెయ్యి నిండ చాపాలె. సగం చాపితె ఎవ్వడు ఆగడు,” అని ఒక్కసారి చూపించి, గల్లీ మొగదలకు పోయింది.

మొదటి పది నిమిషాలు స్వర్ణ తల ఎత్తలేదు. గ్రూపులోని వాళ్లంతా ఆ దారినే వస్తున్నారు. కొందరు గుర్తుపట్టి బండి నెమ్మది చేశారు. కొందరు గుర్తుపట్టి వేరే వైపు చూశారు. ప్రహ్లాద్ కారు అద్దం దించి, “ఇదంత ఎందుకు మేడం మీకు?” అన్నాడు జాలిగా. ఆఫీసులో పక్క సీటు ఆయన బస్సు కిటికీలోంచి చూసి, నమ్మలేనట్టు వెనక్కి తిరిగి మరీ చూశాడు. ఆమె ముఖం కాలిపోయింది. చేయి మాత్రం దించలేదు. చిన్నపిల్లలు నాలుగేసి, అయిదేసి మంది ఆమె వెనక గుంపు కట్టి, బ్యాగులు ఒకదానికొకటి కొట్టుకుంటూ దాటుతున్నారు.

ఎనిమిదిన్నరకు అవతలి పక్క నర్మద కనిపించింది. చేతిలో మడిచిన కాగితం ఉంది, పాప సెలవు చీటీ కాబోలు. దాటడానికి ఒక అడుగు వేసి, ఎదురుగా ఎవరున్నారో చూసి ఆగిపోయింది.

స్వర్ణ రోడ్డు నడిమిట్లకు నడిచి, నాంపల్లి స్టేషను దిక్కు నుంచి వస్తున్న బస్సుకు చేయి నిండా చాపింది. బస్సు ఆగింది. వెనక ఆటోలు హారన్లు మోగించాయి. నర్మద చాలాసేపు కదలలేదు. స్వర్ణ చేయి నొప్పి పెట్టసాగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. అప్పుడు నర్మద రోడ్డు మీదికి దిగింది. తొందరపడకుండా, స్వర్ణ ముఖం వైపు చూడకుండా, ఆమె ముందు నుంచే నడిచి దాటింది.

ఆమె గల్లీలోకి తిరిగేదాకా స్వర్ణ చేయి దించలేదు.